పెద్ద పిస్టల్‌పై మనసు పడ్డాక: బెరెట్టా 92ఎఫ్ఎస్ కొనాలా, చవకలో దొరికేదానితో సరిపెట్టుకోవాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో సంగతి ఇది. మీరు డాలస్ పరిసరాల్లో ఉంటున్నారు, అమెరికా పౌరసత్వం ఉంది, కొంతకాలంగా సిగ్ పీ365 అనే చిన్న పిస్టల్ వాడుతున్నారు. నడుముకు పెట్టుకుని తిరగడానికి వీలుకాని పిస్టల్ దండగ అని ఇన్నాళ్లూ అనుకున్న మీరు, ఈమధ్య కాల్పులు సాధన చేసే రేంజిలో బెరెట్టా 92ఎఫ్ఎస్‌ను అద్దెకు తీసుకుని కాల్చి చూశాక అభిప్రాయం మార్చుకున్నారు. కొత్తదాని ధర చూసి వెనకాడుతున్నారు. బ్రెజిల్ టారస్ పీటీ92, టర్కీ గిర్సాన్ రిగార్డ్, ఇటలీ పోలీసులు వాడి వదిలేసిన పాత 92ఎస్, లేకపోతే పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమున్న మరేదైనా పెద్ద పిస్టల్: వీటిలో దేనితో డబ్బు నిజంగా మిగులుతుందని అడిగారు. చివర్లో, హెచ్-1బీ మీద ఉన్న మీ బావమరిది ఖర్చు చెరిసగం వేసుకుందామంటున్నారని కూడా రాశారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మీకు నచ్చింది బెరెట్టాయే అయితే, దుకాణంలో చేతిలోకి తీసుకుని పరీక్షించిన వాడిన 92ఎఫ్ఎస్‌ను కొనండి. అది దొరకకపోతే పీటీ92 మర్యాదైన పిస్టలే, కానీ దాన్ని బెరెట్టాకు చవక ప్రతి అనుకోకుండా వేరే పిస్టల్‌గా చూసి కొనాలి. 92ఎస్‌ను మీ పరిస్థితిలో నేను సిఫారసు చేయను. మీకు నచ్చింది బెరెట్టా కాదు, పెద్ద పిస్టల్ ఇచ్చే నెమ్మదితనం మాత్రమే అయితే ఈ 92 తరహా పిస్టళ్లలో ఏదీ అక్కర్లేదు, ఇంకా తక్కువలో పని జరుగుతుంది. కాబట్టి ధరల కంటే ముందు తేలాల్సింది ఆ రోజు రేంజిలో మీకు ఏది నచ్చిందన్నదే.

అందులో మొదటిది బరువు. పీ365 ఖాళీగా దాదాపు 500 గ్రాములు ఉంటుంది, 92ఎఫ్ఎస్ 945 గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండింటిలోనూ మీరు కాల్చింది అదే 9 ఎం.ఎం. తూటా. ఒకే తూటాను సగం బరువున్న పిస్టల్‌తో కాల్చినప్పుడు ఆ పిస్టల్ దాదాపు రెట్టింపు వేగంతో వెనక్కి తన్నుతుంది, ఆ తన్నులోని శక్తి కూడా అదే లెక్కన రెట్టింపవుతుంది. చిన్న పిస్టల్‌తో ఒక డబ్బా తూటాలు కాల్చేసరికి చేయి బిగుసుకుపోయి, ఆ తర్వాతి తూటాలు లక్ష్యానికి కింద ఎడమవైపు పడుతుండడం కుడిచేతి వాటమున్న కొత్తవారిలో నేను తరచూ చూసేదే. అదే మనిషి పెద్ద పిస్టల్ పట్టుకుంటే తన్నుకు భయపడి ముందే చేయి వంచడం తగ్గుతుంది, గుళ్లు దగ్గర దగ్గరగా పడతాయి. ఇది ఏ భారీ పిస్టల్‌తోనైనా జరుగుతుంది. బెరెట్టా గొప్పతనమని పొరబడకండి.

రెండవది పొడవు. పీ365 బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) 3.1 అంగుళాలైతే 92ఎఫ్ఎస్‌ది 4.9 అంగుళాలు. గురి చూసే గుర్తుల్లో, అంటే సైట్లలో, ముందుదానికీ వెనకదానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ, చేతి వణుకు వల్ల సైట్లు ఏమాత్రం పక్కకు జరిగినా కంటికి తెలిసిపోతుంది, సరిదిద్దుకునే అవకాశం దొరుకుతుంది. ఇది కూడా పెద్ద పిస్టళ్లన్నింటికీ వర్తించే గుణమే.

మూడవదే అచ్చంగా బెరెట్టా సొత్తు. ఇప్పుడు అమ్ముడయ్యే పిస్టళ్లలో చాలావాటిలో కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ వెనక భాగం కిందికి వాలుతుంది. 92లో అలా జరగదు. బ్యారెల్ తిన్నగా వెనక్కి వస్తుంది, దాని కింద లాకింగ్ బ్లాక్ అనే చిన్న ఉక్కు ముక్క కిందికి జారి స్లైడును (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) విడిపిస్తుంది. జర్మన్ వాల్తర్ పీ38 నుంచి తీసుకున్న ఏర్పాటు ఇది. దీనికి తోడు స్లైడు పైభాగం తెరిచి ఉండడంతో కదిలే బరువు తక్కువ, కాల్చిన తూటా ఖాళీ తొడుగు బయటికి రావడానికి అడ్డూ తక్కువ. స్లైడును చేత్తో వెనక్కి లాగినప్పుడు గాజు మీద జారినట్టుండే ఆ మెత్తదనం మీకు నచ్చి ఉంటే, దానికి పాలిమర్ పిస్టళ్లలో బదులు వెతకవద్దు, దొరకదు.

ఇప్పుడు నచ్చకపోవడానికి ఉన్న కారణాలు కూడా చూడాలి, ఎందుకంటే అద్దె పిస్టల్‌తో గడిపిన ఒక గంటలో ఇవి బయటపడవు. 92ఎఫ్ఎస్ మొదటి తూటాకు ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా ఉంటుంది. తూటాను పేల్చే సుత్తిలాంటి హ్యామర్‌ను వెనక్కి లాగి వదిలే పని కూడా ట్రిగ్గరే చేయాలి కాబట్టి పన్నెండు పౌన్ల దాకా ఒత్తిడి కావాలి. రెండవ తూటా నుంచి హ్యామర్ అప్పటికే వెనక ఉంటుంది కనుక ఒత్తిడి సగానికి పైగా తగ్గిపోతుంది. రేంజిలో సాధారణంగా స్లైడు లాగి, హ్యామర్ వెనక ఉండగానే కాల్చడం మొదలుపెడతాం, అంటే బరువైన మొదటి లాగుడును మీరు అసలు రుచి చూసి ఉండకపోవచ్చు. మళ్లీ అద్దెకు తీసుకుని, ప్రతి తూటాకూ ముందు డీకాకర్ అనే మీటతో, తూటా పేలకుండా, హ్యామర్‌ను దించి, కనీసం ఒక డబ్బా అలాగే కాల్చండి. ఇంట్లో రక్షణ కోసం పెట్టుకునే పిస్టల్‌లో మొదటి తూటా అలాగే వెళుతుంది.

రెండవ కారణం చేయి. 92 పిడి లావు, ట్రిగ్గర్ దూరం. మన వాళ్లలో చాలామందికి అరచేయి మధ్యరకంగానే ఉంటుంది. హ్యామర్ దించి ఉన్నప్పుడు, పిస్టల్ వెనక భాగం ముంజేతి ఎముకకు సరళరేఖలో ఉండేలా పట్టుకుని, చూపుడువేలి మొదటి కణుపులోని మెత్తని భాగం ట్రిగ్గర్ మీద ఆనుతుందో లేదో చూడండి. దాన్ని అందుకోవడానికి పిస్టల్‌ను చేతిలో పక్కకు తిప్పాల్సి వస్తుంటే, ఆ పిస్టల్ ఎంత చవకగా వచ్చినా మీది కాదు. అలాంటివారి కోసమే బెరెట్టా వెనకపట్టీని నిటారుగా, సన్నగా చేసి 92ఎక్స్ వంటి రకాలు తెచ్చింది, కానీ వాటి ధర 92ఎఫ్ఎస్ కన్నా ఎక్కువే. ఇంకొక మాట: 92ఎఫ్ఎస్ ముందు సైటు స్లైడుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది, మార్చుకోలేరు. రెడ్ డాట్ (ఎర్రచుక్కతో గురి చూపే సైటు) బిగించే ఏర్పాటూ ఉండదు. యాభై దాటిన కళ్లకు ఈ రెండూ చిన్న సంగతులు కావు.

ధరల దగ్గరికి వస్తే, ఊరినీ నెలనూ బట్టి మారినా స్థూలంగా కొత్త 92ఎఫ్ఎస్ ఆరేడు వందల డాలర్ల మధ్య, పీటీ92 అంతకంటే ఒకటి రెండు వందలు తక్కువలో, గిర్సాన్ దానికంటే కొంచెం కిందగా దొరుకుతున్నాయి. అంటే మీరు తర్జనభర్జన పడుతున్న తేడా సుమారు రెండు వందల డాలర్లు. సాధారణ 9 ఎం.ఎం. తూటా ఒకటి ఇటీవల 25 సెంట్ల అటూ ఇటూగా పడుతోంది, కాబట్టి ఆ తేడా విలువ 800 తూటాలు. నెలకు 200 తూటాలు కాల్చే మనిషికి అది నాలుగు నెలల ఖర్చు. రెండేళ్లలో తూటాలకే 1,200 డాలర్లు అవుతుంది, పిస్టల్ ధర అందులో సగం. ఆవును కొనేవాడు గడ్డి లెక్క కూడా వేసుకోవాలన్నట్టు, పిస్టల్ ధర పక్కన తూటాలు, మ్యాగజిన్లు (తూటాలు నింపి పిడిలో పెట్టేవి), స్ప్రింగుల లెక్క రాసుకున్నాకే ఏది చవకో తెలుస్తుంది.

ఈ లెక్కను అమెరికా సైన్యం కూడా వేసింది, అది ఈ పిస్టల్ చరిత్రలోనే ఉంది. 1984లో జరిగిన పోటీలో బెరెట్టా, సిగ్ పీ226 రెండూ పరీక్షలు నెగ్గాయి. ఒక్కో పిస్టల్ ధర చూస్తే సిగ్ కొంచెం తక్కువే చెప్పింది. కానీ మ్యాగజిన్లు, విడిభాగాలు కలిపిన మొత్తం లెక్కలో బెరెట్టా చవకైంది, 1985లో ఎం9 పేరుతో సైన్యంలోకి వెళ్లింది. విచిత్రమేమంటే అదే సైన్యం తర్వాతి రోజుల్లో మ్యాగజిన్ల దగ్గర మాత్రం చవకబేరానికి పోయింది. ఇరాక్‌లో ఎం9లు మొరాయిస్తున్నాయని వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పిస్టల్ కాదు, ఇతర సరఫరాదారుల నుంచి కొన్న గరుకు పూత మ్యాగజిన్లలో పొడి ఇసుక చేరి తూటాలు పైకి లేవకపోవడం. ఇసుకను తట్టుకునే నున్నని పూతతో మ్యాగజిన్లు చేయించాక ఆ గొడవ సద్దుమణిగింది. కనుక పిస్టల్ దగ్గర పొదుపు చేయండి, అభ్యంతరం లేదు. మ్యాగజిన్ల దగ్గర మాత్రం బెరెట్టావి, లేదా ఇటలీకే చెందిన మెక్-గార్‌వి తప్ప వేరేవి కొనకండి. మెక్-గార్ 18 తూటాల మ్యాగజిన్ పిడి కిందికి పొడుచుకు రాకుండా సరిగ్గా ఇమిడిపోతుంది.

ఇక పీటీ92. దీన్ని నకలు అనడం పూర్తిగా న్యాయం కాదు. బ్రెజిల్ సైన్యం కోసం బెరెట్టా సావో పాలోలో ఫ్యాక్టరీ పెట్టింది, ఒప్పందం ముగిశాక 1980లో టారస్ ఆ ఫ్యాక్టరీని యంత్రాలతో సహా కొనేసింది. అందువల్ల పీటీ92 మొదటితరం 92కు కొనసాగింపు. ఆ మొదటితరంలో ఉన్నట్టే, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట స్లైడు మీద కాక ఫ్రేము మీద, బొటనవేలికి అందేచోట ఉంటుంది. పైకి నెట్టితే హ్యామర్ వెనక ఉన్నప్పటికీ సేఫ్టీ పడుతుంది, మధ్యలో కాల్చే స్థానం, కిందికి నొక్కితే హ్యామర్ దిగుతుంది. 92ఎఫ్ఎస్‌లో మీట స్లైడు మీద ఉండి, కిందికి దింపితే సేఫ్టీ, పైకి ఎత్తితే కాల్చే స్థానం, అంటే వేలి కదలిక తలకిందులు. స్లైడును హడావుడిగా పట్టి లాగినప్పుడు చేయి తగిలి 92ఎఫ్ఎస్ సేఫ్టీ పడిపోవడం తెలిసిన లోపమే, ఆ మేరకు టారస్ ఏర్పాటే మెరుగని నా అభిప్రాయం.

మరి వెనకాడాల్సిందెక్కడ? విడిభాగాల దగ్గర. పైకి కవలల్లా కనిపించినా రెండింటి భాగాలు చాలావరకు ఒకదానిలో ఒకటి పడవు. మ్యాగజిన్‌ను పట్టి ఉంచే గాడి స్థానం వేరు కావడంతో బెరెట్టా మ్యాగజిన్ నేరుగా టారస్‌లో నిలవదు, గాడి కోసుకోవాలి. పిడి పలకలు, సైట్లు, ట్రిగ్గర్ మెరుగుదల సామగ్రి, హోల్‌స్టర్లు 92కు విస్తారంగా దొరుకుతాయి, పీటీ92కు వెతుక్కోవాలి. తయారీ నాణ్యత కూడా ఒక పిస్టల్‌కూ ఇంకొకదానికీ తేడా ఉంటుంది: కొన్ని ఏళ్ల తరబడి ఫిర్యాదు లేకుండా నడుస్తాయి, కొన్ని పెట్టెలోంచి తీయగానే పని చెబుతాయి. అందుకే పీటీ92ను ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి కాకుండా దుకాణంలో చేతిలోకి తీసుకున్న ఆ ఫలానా పిస్టల్‌నే కొనాలి.

గిర్సాన్ రిగార్డ్ గురించి ఎక్కువ చెప్పను. టర్కీ తుపాకుల తయారీ ఇటీవలి కాలంలో బాగా ఎదిగింది, రిగార్డ్ మీటల అమరికలో పీటీ92 కంటే 92ఎఫ్ఎస్‌కు దగ్గరగా ఉంటుంది. అయితే ఈ పేరుతో ఎన్నో రకాలు వచ్చాయి. కనుక బెరెట్టా మ్యాగజిన్ ఒకటి వెంట తీసుకెళ్లి, సరిపోతుందో లేదో అక్కడే పెట్టి చూసి కొనండి. దిగుమతిదారు మారినా, ఆ రకం ఆగిపోయినా మరమ్మతుకు చిక్కు ఏర్పడుతుందన్నదే నాకున్న సందేహం.

92ఎస్‌ను వద్దనడానికి కారణాలు గట్టివి. ఇటలీ పోలీసుల దగ్గర నుంచి వచ్చిన ఈ పిస్టళ్లలో చాలావాటికి పైన పూత అరిగినా లోపల బ్యారెల్ నిగనిగలాడుతూనే ఉంటుంది, ఆ ధరకు ఆశ పుట్టడం సహజం. కానీ మ్యాగజిన్ వదిలే బటను ట్రిగ్గర్ వెనక కాక పిడి అడుగున ఉంటుంది, కాబట్టి అడుగున గాడి ఉన్న మ్యాగజిన్లే కావాలి. అంతకంటే ముఖ్యం, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ను కదలనివ్వని అడ్డు ఇందులో లేదు. అది తర్వాతి రకమైన 92ఎస్‌బీతోనే వచ్చింది. చేజారి నేలమీద పడినప్పుడు ఆ అడ్డు ఉన్న పిస్టల్ ఇచ్చే భరోసా ఇది ఇవ్వదు. సేకరణ సరదా ఉన్నవారు కొనుక్కోవచ్చు. ఇంట్లో పిల్లలున్న మీకు, తూటాలు నింపి పెట్టుకునే ఏకైక పెద్ద పిస్టల్‌గా వద్దు.

నేను మొగ్గు చూపే వాడిన 92ఎఫ్ఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పోలీసు శాఖలు, కాపలా సంస్థలు మార్పిడిలో ఇచ్చేసిన పిస్టళ్లు, సరదాగా కొని పది డబ్బాలైనా కాల్చకుండా అమ్మేసుకున్న పిస్టళ్లు టెక్సస్‌లో తరచూ దుకాణాలకు వస్తుంటాయి. ఏళ్ల తరబడి నడుముకు వేలాడి స్లైడు అంచుల్లో పూత పోయి, లోపల కొత్తగా ఉండే పిస్టల్ మీకు కావాలి. పైన మెరుస్తూ లోపల అరిగినది వద్దు. దుకాణదారు అనుమతి తీసుకుని, మ్యాగజిన్ తీసేసి, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకున్నాక విప్పి చూడండి. కుడివైపు చిన్న బటను నొక్కి ఎడమవైపు మీటను కిందికి తిప్పితే స్లైడు ముందుకు జారి చేతిలోకి వచ్చేస్తుంది. ఈ వర్గంలో ఇంత తేలిగ్గా విడిపోయేవి తక్కువ.

బ్యారెల్‌ను బయటికి తీసి, దాని కింద వేలాడే లాకింగ్ బ్లాక్‌కు రెండు పక్కలా ఉండే చెవుల మొదళ్లను మంచి వెలుతురులో చూడండి. వెంట్రుకంత బీట కనిపించినా ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. వేల తూటాల తర్వాత ఈ పిస్టల్‌లో ముందుగా అలిసిపోయే భాగం అదే. బ్లాక్‌ను మార్చుకోవచ్చు, కానీ ఆ ఖర్చు అమ్మేవాడి లెక్కలో ఉండాలి గాని మీ లెక్కలో కాదు. ఫ్రేము అల్యూమినియం మిశ్రమం కాబట్టి స్లైడు జారే పట్టాల మీద నల్లపూత పోయి తెల్లగా మెరవడం మామూలే, గోరు తగిలితే ఆగేంత గాట్లు మాత్రం ఉండకూడదు. మళ్లీ బిగించి, ఖాళీ పిస్టల్‌నే సురక్షితమైన దిక్కుకు పెట్టి, హ్యామర్‌ను వెనక్కి లాగి బొటనవేలితో ముందుకు నెట్టి చూడండి, పడకూడదు. మీట దింపితే మాత్రం టక్కున పడాలి. ట్రిగ్గర్ నొక్కి వదిలితే తనంతట తాను ముందుకు రావాలి, రాకపోతే దాని స్ప్రింగు విరిగినట్టే.

ఇలా ఎంచుకున్న పిస్టల్‌కు కొన్నాక చేయాల్సిన ఖర్చు స్వల్పం. ఎన్ని తూటాలు కాల్చారో తెలియదు కనుక స్లైడును తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగును ముందే మార్చేసి, ఆ తర్వాత ఐదు వేల తూటాలకొకసారి మార్చండి. మొదటి లాగుడు బరువు ఇబ్బంది పెడితే, 92డి రకానికి కంపెనీయే వాడిన తేలికపాటి హ్యామర్ స్ప్రింగు కొద్ది డాలర్లకే దొరుకుతుంది, అది వేస్తే ట్రిగ్గర్ గుర్తుపట్టేంతగా తేలికవుతుంది. వేసిన తర్వాత మీరు మామూలుగా వాడే తూటాలతో ఒకటి రెండు వందలు కాల్చి, ఒక్కటీ పేలకుండా ఉండిపోలేదని చూసుకోండి. ఖరీదైన ట్రిగ్గర్ సామగ్రి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

బెరెట్టా ప్రత్యేకతలు కాక బరువు, పొడవు, నిండుగా చేతిలో ఇమిడే పిడి మాత్రమే నచ్చినట్టు తేలితే దారి మారుతుంది. కానిక్ టీపీ9 వరుసలోని పిస్టళ్లు, టారస్ జీ3, స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ9 వంటివి పీటీ92 కంటే కూడా తక్కువలో వస్తాయి. వీటిలో ట్రిగ్గర్ మొదటి తూటాకూ చివరి తూటాకూ ఒకేలా ఉంటుంది, మీ పీ365తో వేలికి అలవాటైన పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ఈ ధరలో కానిక్ ట్రిగ్గర్‌కు మంచి పేరుంది, అది న్యాయమైనదే. కానీ పాలిమర్ ఫ్రేము తేలిక, 92ఎఫ్ఎస్ తన్నులోని ఆ నెమ్మది వీటిలో సగమే దొరుకుతుంది.

చవక పేరుతో మీ ముందుకు వచ్చే ఇంకొక ఎర .40 కాలిబర్ (9 ఎం.ఎం. కంటే లావు తూటా) పోలీసు పిస్టళ్లు. ఎఫ్‌బీఐ 9 ఎం.ఎం.కు తిరిగి వెళ్లాక దేశమంతటా పోలీసు శాఖలు .40 పిస్టళ్లను వదిలించుకున్నాయి, అందువల్ల గ్లాక్ 22, ఎం అండ్ పీ 40 వంటి నిక్షేపమైన పిస్టళ్లు ఆశ్చర్యకరమైన ధరలకు దొరికాయి, ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. అయితే .40 తూటా 9 ఎం.ఎం. కంటే ఖరీదు, తన్ను కూడా ఎక్కువ. మీరు వెతుక్కుంటూ వచ్చిన మెత్తదనమే అందులో ఉండదు.

మీరు అడగని సంగతి ఒకటి. మీ లక్ష్యం గురి కుదరడమే అయితే, 92ఎఫ్ఎస్‌కు డబ్బు కూడేదాకా టారస్ టీఎక్స్22 వంటి పెద్ద పరిమాణపు .22 పిస్టల్ ఒకటి ఆలోచించండి. .22 తూటా 9 ఎం.ఎం. ఖర్చులో మూడో వంతులోపే పడుతుంది, తన్ను దాదాపు ఉండదు. ఆదా చేయాలనుకునేవారికి నేను చెప్పగలిగిన వాటిలో నిజంగా ఆదా అయ్యేది ఇదొక్కటే. పీ365ను మాత్రం ఏ పరిస్థితిలోనూ అమ్మవద్దు. టెక్సస్ ఎండల్లో పలుచటి చొక్కా కింద దాదాపు కిలో బరువున్న ఇనుమును దాచుకుని తిరగడం రెండో వారానికే విసుగు పుట్టిస్తుంది.

ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం నుంచి కొంటే పిస్టల్ మీ ఇంటికి రాదు, మీ ఊళ్లో లైసెన్సున్న దుకాణానికి వస్తుంది, అక్కడ తుపాకీ కొనేవారు నింపాల్సిన 4473 అనే ఫెడరల్ ఫారం నింపి తనిఖీ అయ్యాక చేతికిస్తారు. దుకాణం తీసుకునే బదిలీ రుసుము, రవాణా ఖర్చు కలిపి చూసుకోండి, కొన్నిసార్లు ఆన్‌లైన్ చవకదనం అక్కడితోనే ఆవిరైపోతుంది. ఉద్యోగరీత్యా న్యూజెర్సీకో కాలిఫోర్నియాకో మారే అవకాశం ఉంటే కూడా ఆలోచించండి. ఆ రెండు రాష్ట్రాల్లోనూ మ్యాగజిన్‌కు పది తూటాల పరిమితి ఉంది, మీరు కొన్న 15, 18 తూటాల మ్యాగజిన్లు అక్కడికి తీసుకెళ్లకూడదు. ఇండియాకు తీసుకెళ్లే ఊహే వద్దు, 9 ఎం.ఎం. అక్కడ పౌరులకు నిషిద్ధమైన కాలిబర్.

చివరగా మీ బావమరిది ప్రతిపాదన. దయచేసి ఒప్పుకోకండి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని తమ అధీనంలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉంది, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మినహాయింపు లేని మనిషని తెలిసి కూడా అతనికి తుపాకీ ఇవ్వడం మీ మీద కేసు అవుతుంది. 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. వేరొకరి డబ్బుతో వారి కోసం కొంటూ అవునని రాస్తే అది నేరం, 2022లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి కొనుగోళ్లకు పదిహేనేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సగం డబ్బు ఆయనది, సగం హక్కు ఆయనది అన్న ఒప్పందం మీ ఇద్దరి మధ్య సరదాగా మొదలైనా, విచారణలో దాన్ని సరదాగా చూడరు, పైగా ఆయన ఇమ్మిగ్రేషన్ ఫైలుకే ముప్పు. ఆయనకు నిజంగా ఆసక్తి ఉంటే టెక్సస్ వేట లైసెన్సు తీసుకోమనండి. తీసుకున్నాక కూడా మినహాయింపు తనకు ఎలా వర్తిస్తుందో ఈ చట్టాలు తెలిసిన లాయరును ఒకసారి అడిగి, ఆ తర్వాతే మీతో రేంజికి రమ్మనండి. అప్పటిదాకా మొత్తం డబ్బు మీరే పెట్టుకోండి, పిస్టల్ ఉన్న పెట్టె తాళంచెవి గాని నంబరు గాని ఆయనకు తెలియనివ్వకండి, ఆయన మీ ఇంట్లోనే ఉంటున్నట్టయితే మరీ ముఖ్యంగా.